పాక్ వేరు, ముకమ్మల్ వేరు

ఉర్దూ మీడియంలో చదివినవాళ్ళకు స్ఫటికం పేరు ‘ఖలమ్’. రాసుకునే కలం, ఆ ఖలమ్ ఒకటే మాట. కొల్లాపూర్‌లో మా స్కూల్ సైన్స్ సార్ ఖల్మీ షోరా అంటే సూరేకారమని చెప్పి, దాని సన్నటి పుల్లల్లాంటి పలుకులు అరచేతిలో పోసి చూపించేవారు. అయస్కాంతం మాకు మిఖ్నాతీస్. క్రమం తర్తీబ్. లోపం నఖ్స్. దిక్సూచి ఖుతుబ్‌నుమా. పదో తరగతి అయినంక నేను తెలుగు సాహిత్యం తీసుకున్నాను. ఆ తర్వాత పేపర్ డెస్కు మీద కూర్చుని సైన్స్ వార్తలు దిద్దేటప్పుడు ఇవన్నీ వేరే పేర్లతో మళ్ళీ ఎదురయ్యాయి. మా వీధిలో కమ్మరాయన మాత్రం అయస్కాంతమనీ అనలేదు, మిఖ్నాతీస్ అనీ అనలేదు. ఆయనకది సూదంటు రాయి.

ఈ ఉర్దూ మాటలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1917లో హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి నాజిమ్. ఫిజిక్స్, కెమిస్ట్రీ, డాక్టరీ పుస్తకాలను అక్కడ ఉర్దూలోకి తెచ్చారు. ఉస్మానియా పిల్లలు ఆ పుస్తకాలతోనే పరీక్షలు రాశారు. 1948 తర్వాత యూనివర్సిటీ ఇంగ్లీషుకు మారింది, పుస్తకాలు అల్మారాల్లోకి పోయాయి, మాటలు మాత్రం మాలాంటి చిన్న ఊళ్ళ స్కూళ్ళలో పదో తరగతి దాకా బతికాయి. అక్కడి నుంచి ముందుకు దారి లేదు.

ఇదంతా ఎందుకు గుర్తుకొచ్చిందంటే మా భాంజీ వల్ల. మా ఆపా పెద్ద కూతురు. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది, ఇది నాలుగో ఏడు. ఆమె టాపిక్ ఇంగ్లీషులో రెండు లైన్లుంటుంది. క్రోమియం, టెల్లూరియం కలిసిన స్ఫటికాల్లో అయస్కాంతపు తర్తీబ్ ఎట్లుంటది, అందులోని నఖ్స్ ఆ తర్తీబ్‌ను ఏం చేస్తది? ఇది నా తర్జుమా. మొన్న మామిడికాయల సీజన్‌లో వనపర్తి నుంచి ఒక రిష్తా వచ్చింది. అబ్బాయి మంచోడే, ఇంట్లోవాళ్ళూ మర్యాదస్తులే. వాళ్ళు రెండు సవాళ్ళు అడిగారు. అమ్మాయి చదువు ఎన్నడైపోతది? ఇంతకూ ఏం చదువుతున్నది? మొదటిదానికి ఆపా ఏదో చెప్పింది. రెండోదానికి నోరు పెగల్లేదట. ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది.

“నా పేగు తెంచుకుని పుట్టిన బిడ్డ ఏం చేస్తున్నదో నాకే తెల్వకపాయె. నువ్వన్నా చెప్పు. లేకుంటే చాలు గానీ ఇంటికి రమ్మని చెప్పు.”

ఆ రెండో మాట నేను చెప్పదలచుకోలేదు. అందుకని మొదటిది చెప్పక తప్పలేదు.

టెల్లూరియం పేరు వినగానే ఆపా “మన తెలంగాణదా?” అంది. కాదు. 1782లో ట్రాన్సిల్వేనియా గనుల్లో ముల్లర్ అనే ఆఫీసరు దీన్ని కనిపెట్టాడు. 1798లో క్లాప్రోత్ అనే జర్మన్ దీనికి పేరు పెట్టాడు. లాటిన్‌లో టెల్లస్ అంటే నేల, అందులోంచి వచ్చింది. వెండిలా మెరుస్తుంది, కానీ వెండిలా సాగదు, కొడితే పగులుతుంది. దీనికొక చెడ్డ గుణం కూడా ఉంది. రవ్వంత ఒంట్లోకి పోయినా మనిషి ఊపిరి లసన్ వాసన కొడుతుంది, అదీ రోజుల తరబడి. అందుకే మా పిల్ల చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా దాన్ని ముట్టుకోదు. ఈ సంగతి వనపర్తివాళ్ళకు చెప్పొద్దని ఆపా నా దగ్గర మాట తీసుకుంది. (ఇక్కడ పేర్లేమీ రాయలేదు ఆపా, మాట నిలబెట్టుకున్నట్టే.)

టెల్లూరియాన్ని ఎక్కువగా రాగి ఫ్యాక్టరీల నుంచే తీస్తారు. రాగిని శుద్ధి చేసే తొట్లలో అడుగున బురద మిగులుతుంది, అందులో ఉంటుంది. హైదరాబాద్ చర్లపల్లిలో సీ-మెట్ అని కేంద్ర ప్రభుత్వపు పరిశోధనా సంస్థ ఉంది. టెల్లూరియాన్ని అత్యంత శుద్ధంగా చేసే పని అక్కడ ఏళ్ళ తరబడి జరిగింది. ముందు గాలి తీసేసిన పాత్రలో ఆవిరి చేసి పట్టుకుంటారు. తర్వాత కడ్డీగా పోసి, ఒక కొసన సన్నటి పట్టీ మేర కరిగించి, ఆ కరిగిన పట్టీని మెల్లగా రెండో కొసదాకా జరుపుకుంటూ పోతారు. మురికి చాలావరకు కరిగిన భాగంతో పాటే జరిగి చివరికి చేరుతుంది. మళ్ళీ మొదటి నుంచి, మళ్ళీ మళ్ళీ. చివరికి ఆ కొస కోసి పారేస్తారు. చీకట్లో చూసే ఫౌజీ కెమెరాల్లో వాడే పాదరసం, కాడ్మియం, టెల్లూరియం స్ఫటికాలకు ఏడు తొమ్మిదుల శుద్ధి కావాలి. 99.99999 శాతం. అంటే కోటి అణువుల్లో పరాయిది ఒక్కటి.

కోటిలో ఒక్కటి! మనుషుల్లో ఇంత ఖాలిస్ ఎవరున్నారు అనిపించింది నాకు.

కానీ అంత పాక్‌గా చేసిన టెల్లూరియాన్ని తీసుకుని, అంతే పాక్ అయిన క్రోమియంతో కలిపితే ఏమవుతుంది? ఒకటికి ఒకటి లెక్కన కలవాలి. కలవదు. క్రోమియం అణువులు ఉండాల్సిన చోట్ల కొన్ని లేకుండానే స్ఫటికం పెరుగుతుంది. ఇది చెప్పినప్పుడు ఆపా అడిగిన మాట నేను డైరీలో రాసుకున్నాను. “అంత పాక్ అయినంక ముకమ్మల్ ఎందుకు కాలే?”

భాంజీ నాలుగేళ్ళుగా ఈ సవాలు మీదే కూర్చుంది.

ముందు అయస్కాంతం సంగతి. క్రోమియం, మాంగనీస్, ఇనుము లాంటి ధాతువుల్లో ఒక్కో అణువూ ఒక చిన్న ఖుతుబ్‌నుమా. వేడిగా ఉన్నప్పుడు ఆ ముళ్ళు ఎటుపడితే అటు ఊగుతుంటాయి. చల్లబడుతుంటే ఒకచోట తర్తీబ్‌లోకి వస్తాయి. ఏ డిగ్రీ దగ్గర వస్తాయన్నది ఒక్కో పదార్థానికి ఒక్కో తీరు. అన్నీ ఒకే దిక్కు తిరిగితే మనం ఎరిగిన సూదంటు రాయి. ఇంకో రకం కూడా ఉంది. మాంగనీస్ టెల్లూరైడ్‌లో ఒక పొరలోని ముళ్ళన్నీ ఒక దిక్కు, పై పొరవన్నీ ఎదురు దిక్కు. షాదీ దావత్‌లో దస్తర్‌ఖాన్‌కు అటూ ఇటూ రెండు వరుసలు ఎదురెదురుగా కూర్చున్నట్టు. తర్తీబ్ పక్కాగా ఉంది, కానీ మొత్తం కలిపితే సున్నా. సూది కూడా అంటుకోదు. ఇట్లాంటివి ఉంటాయని లూయీ నీల్ అనే ఫ్రెంచాయన 1930లలో చెప్పాడు. 1949లో అమెరికాలో న్యూట్రాన్లతో కొట్టి చూసి అది నిజమేనని తేల్చారు. నీల్‌కు 1970లో నోబెల్ వచ్చింది.

మాంగనీస్ టెల్లూరైడ్‌కు ఆ హద్దు సుమారు 307 కెల్విన్, అంటే 34 డిగ్రీలు. ఈ అంకె నాకు చాలా నచ్చింది. కొల్లాపూర్ ఎండాకాలంలో మధ్యాహ్నం నీడలో పెట్టినా దాని వరుసలు చెదిరిపోతాయి. రాత్రి సోమశిల దిక్కు నుంచి కృష్ణ గాలి వచ్చి కాస్త చల్లబడితే మళ్ళీ లేచి సర్దుకుని కూర్చుంటాయి. రోజూ.

ఈ పదార్థాన్ని శాస్త్రవేత్తలు 1960ల నుంచే ఎరుగుదురు. మామూలు ఎదురెదురు వరుసల జాతి అని రాసి పక్కన పెట్టేశారు. 2024లో మళ్ళీ పేపర్లకెక్కింది. వరుసలు ఎదురెదురే, మొత్తం సున్నానే, కానీ ఒక వరుస చుట్టూ టెల్లూరియం అణువులు అమరిన తీరు, ఎదురు వరుస చుట్టూ అమరిన తీరు ఒకటి కాదు. ఒకదాన్ని తిప్పితే గానీ ఇంకోదానికి సరిపోదు. దస్తర్‌ఖాన్ మీద ఈ వైపు వాళ్ళకు సాలన్ గిన్నె ఒక కోణంలో, ఆ వైపు వాళ్ళకు ఇంకో కోణంలో పెట్టినట్టు. అందువల్ల మధ్యలో పరుగెత్తే ఎలక్ట్రాన్‌కు రెండు వరుసలూ సమానంగా కనిపించవు. బయటికి సున్నా, లోపల తేడా. ఈ కొత్త జాతికి ఆల్టర్‌మాగ్నెట్ అని పేరు పెట్టారు. పక్కవాటిని లాగి పాడుచేయని అయస్కాంతం కాబట్టి కంప్యూటర్ మెమరీలకు పనికొస్తుందని ఆశ. ఇంకా ఆశే. డెస్కు మీదికి వచ్చే ప్రెస్‌నోట్లు మాత్రం రేపే దుకాణాల్లోకి వస్తున్నట్టు రాస్తాయి. నేను ఆ వాక్యాలు కొట్టేస్తుంటాను.

ఈ తిప్పి చూసే లెక్కల దగ్గర మనవాడొకాయన గుర్తుకు రావాలి. సూరి భగవంతం. కృష్ణా జిల్లా మనిషి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివాడు, కలకత్తాలో సీ.వీ. రామన్ దగ్గర పనిచేశాడు, 1952 నుంచి 1957 దాకా ఉస్మానియాకు వైస్ చాన్సలర్. స్ఫటికాన్ని తిప్పి, అద్దంలో చూసి, మళ్ళీ అదే రూపం వస్తుందా అని పోల్చితే మొత్తం 32 వర్గాలు తేలతాయి. లోపలి ఖుతుబ్‌నుమాల ముల్లును తిరగేయడం కూడా లెక్కలోకి తెస్తే 122 అవుతాయి. 1960లలో ఆయన ఈ అయస్కాంత సౌష్ఠవం మీద పనిచేశాడు. స్ఫటికాల సౌష్ఠవం మీద ఆయన పుస్తకం 1966లో వచ్చింది. మా భాంజీ బల్ల మీద దాని జిరాక్స్ ఉంది, అట్ట లేదు, చివర్లు నలిగిపోయాయి.

ఇక నఖ్స్. అసలు కథ ఇక్కడుంది.

మా బావ మామిడి తోటలు గుత్తకు పడతాడు. తోటలో ఒక చెట్టు చచ్చిపోతే ఆ జాగా ఊరికే ఉండదు. వెలుతురు కోసం చుట్టుపక్కల చెట్ల కొమ్మలు అటు వంగుతాయి. స్ఫటికంలోనూ అంతే. ఒక అణువు లేకపోతే పక్కవి కొంచెం జరుగుతాయి, కొంచెం వంగుతాయి. ఎంత జాగ్రత్తగా చేసినా ఖాళీలు తప్పవు. వేడి ఉన్న చోట ఖాళీ ఉండి తీరుతుందని 1926లోనే ఫ్రెంకెల్ అనే రష్యన్ లెక్క కట్టాడు. కరగడానికి దగ్గరైన రాగిలో సుమారు పదివేలకు ఒకటో రెండో జాగాలు ఖాళీగా ఉంటాయి. తెల్లటి ఉప్పు పలుకును సోడియం ఆవిరిలో వేడి చేస్తే పసుపు రంగుకు తిరుగుతుంది. క్లోరిన్ లేని జాగాల్లో ఎలక్ట్రాన్లు దూరి కూర్చోవడమే ఆ రంగు. మన ఉస్మానియా ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఉప్పు జాతి స్ఫటికాల లోపాల మీద చాలా ఏళ్ళు పని జరిగింది కూడా.

కానీ క్రోమియం టెల్లూరైడ్ ఖాళీ పదివేలకు ఒకటి రకం కాదు. పొరలు పొరలుగా ఉంటుంది అది. ఒక పొర క్రోమియంతో నిండుగా ఉంటుంది. దాని పై పొరలో జాగాలు సగమే నిండాయనుకోండి, మూడు క్రోమియంలకు నాలుగు టెల్లూరియంలు. మూడింట ఒకటే నిండితే, రెండు క్రోమియంలకు మూడు టెల్లూరియంలు. నిండు పొర, వెలితి పొర, నిండు పొర, వెలితి పొర. పైగా వెలితి పొరలో ఆ ఖాళీలు ఎక్కడపడితే అక్కడ ఉండవు. నెమ్మదిగా చల్లారిస్తే అవీ వరుస కడతాయి. లేనివాళ్ళకూ ఒక తర్తీబ్! ఇది విన్నప్పుడు నేను ఫోన్ పట్టుకుని కాసేపు మాట్లాడలేకపోయాను. వెంటనే చల్లారిస్తే మాత్రం ఎక్కడివక్కడే చెదిరి నిలిచిపోతాయి.

ఈ ఖాళీలే హద్దును నిర్ణయిస్తాయి. ఒకటికొకటిగా దాదాపు నిండిన క్రోమియం టెల్లూరైడ్ సుమారు 67 డిగ్రీల దాకా అయస్కాంతమే. చేతిలో పట్టుకోవచ్చు. అదే రెండుకు మూడు లెక్కదైతే సున్నా కింద 90 డిగ్రీల చలికి పోతే గానీ తర్తీబ్‌లోకి రాదు. పదార్థాలు అవే, శుద్ధి అదే. ఎందరు రాలేదు అన్నదాంట్లోనే తేడా.

చుట్టాలైన వేరే టెల్లూరైడ్లదీ ఇదే బాధ. ఇనుము, జర్మేనియం కలిసిన ఒక టెల్లూరైడ్ ఉంది, రేకులు రేకులుగా ఊడుతుంది. పలచటి అయస్కాంతాల మీద పనిచేసేవాళ్ళందరికీ ఇప్పుడది ఇష్టమైన సరుకు. ఇనుము నిండుగా ఉన్నది సున్నా కింద 53 డిగ్రీల దగ్గర అయస్కాంతమైతే, ఇనుము తక్కువైనది సున్నా కింద 120 దాకా ఆగుతుంది. వట్టి ఇనుము టెల్లూరైడ్‌ది ఉల్టా కథ. అక్కడ రావాల్సినవాళ్ళు రాకపోవడం కాదు, పిలవని మెహమాన్. ఎక్కువైన ఇనుము పొరల మధ్య దూరి కూర్చుంటుంది. కొంచెమైతే తర్తీబ్ ఒక తీరు, ఎక్కువైతే మెలికలు తిరిగిన ఇంకో తీరు. సెలీనియం కలిపి దాన్ని అడ్డంకి లేకుండా కరెంటు పారే పదార్థంగా మార్చాలంటే ముందు ఆ మెహమాన్‌ను పంపించాలి. కాస్త ఆక్సిజన్ చూపించి వేడి చేసి బయటికి లాగుతారు. మాంగనీస్ టెల్లూరైడ్‌లో అయితే ఇంకో చిక్కు. సున్నా రావాల్సిన చోట కొంచెం అయస్కాంతం కనిపిస్తే, అది పదార్థం గుణమా, లేక మాంగనీస్ రవ్వంత ఎక్కువ పడ్డ నఖ్సా? తేల్చకుండా రాస్తే అబద్ధం రాసినట్టే.

భాంజీ చిక్కు ఇట్లాంటిదే. ఆమె చేసిన స్ఫటికం చల్లబడుతుంటే ఒకసారి అయస్కాంతమైంది, ఇంకా కింద ఇంకోసారి గీత ఎగిరింది. రెండు హద్దులు. “మామూ, నా శాంపిల్ ఒకటి కాదు, రెండు” అంది. సగం నిండిన జాతి, మూడోవంతు నిండిన జాతి ఒకే ముక్కలో కలిసి పెరిగాయేమోనని అనుమానం. అవునో కాదో రుజువు కావాలి. ఎక్స్‌రే అణువులు ఎక్కడున్నాయో చెబుతుంది. ముల్లు ఎటు తిరిగిందో న్యూట్రానే బాగా చెప్పగలదు, దానికి ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌కు అర్జీ పెట్టాలి, వంతు రావాలి. ఈలోగా కొత్త స్ఫటికం చేయాలి.

చేయడమంటే ఏమిటో కూడా ఆపాకు చెప్పాను. తూకం వేసిన పొడులు క్వార్ట్జ్ గొట్టంలో పోసి, గాలి లాగేసి, మంటతో మూతి అతికిస్తారు. టెల్లూరియం 450 డిగ్రీలకు కరుగుతుంది, 988కి మరుగుతుంది. తొందరపడి వేడి పెంచితే ఆవిరి గొట్టాన్ని పగలగొడుతుంది. కిందటేడు ఆమెది ఒకటి అట్లనే పగిలింది, రాత్రి రెండింటికి. మూడు వారాల మెహనత్ పోయింది. మనిషికేం కాలేదు, అల్‌హందులిల్లా. అది ఇంట్లో చెప్పలేదు, నాకు మాత్రమే చెప్పింది. ఇప్పుడు ఆపాకు నేను చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు ఆమె. తర్వాత, “పగిలినంక మళ్ళ చేసిందా?” అని అడిగింది.

“చేసింది.”

“నాకు చెప్పలే సూడు.”

చెబితే రమ్మంటావని భయపడింది ఆపా, అని నేను అన్నాను. అన్నం వండుతున్న చప్పుడు తప్ప అటు నుంచి ఏమీ వినిపించలేదు.

ఫాయిదా ఏందని కూడా అడిగింది. అడగాలి కూడా. మన ఇళ్ళల్లో ఒక ఆడపిల్లను 27 ఏళ్ళదాకా చదివించడమంటే ఎన్ని నోళ్ళకు జవాబు చెప్పాలో చదివేవాళ్ళకు తెలుసు. రేపు ఫోన్లలోకి వస్తుందని నేను చెప్పలేదు. రెండు హద్దులు ఎందుకొచ్చాయో ఆమె తేల్చితే, ఖాళీల లెక్క మార్చి అయస్కాంతం హద్దును కావాల్సిన చోటికి జరపడం ఇంకొకరికి సులువవుతుందని చెప్పాను. అంతకు మించి తెలిసినట్టు మాట్లాడటం నా చేత కాదు.

వనపర్తివాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి ఆపానే మాట్లాడింది. “లోహాల మీద చదువుతున్నది. అందులో ఖాళీ జాగలుంటయంట, వాటి వల్ల మిఖ్నాతీస్ ఎట్ల మారుతదో చూస్తున్నది. ఇంకో ఏడాదిన్నర పడ్తది. ఆగుతమంటే ఆగుండ్రి” అందట. ‘మిఖ్నాతీస్’ అనే మాట ఆమెకు గుర్తుందని నాకు తెలియదు. నాకన్నా ఆరేళ్ళ ముందు ఆ స్కూల్లోనే, ఆ సార్ దగ్గరే చదివింది. తొమ్మిదిలో మాన్పించారు. ఆలోచించి చెబుతామన్నారు వనపర్తివాళ్ళు. ఇంకా చెప్పలేదు.

కొత్త గొట్టం కొలిమిలో పెట్టి ఆరు రోజులైంది. వెయ్యి డిగ్రీల నుంచి ఐదొందల దాకా గంటకు రెండు డిగ్రీల చొప్పున దించుతోంది, ఖాళీలు వరుస కట్టడానికి వ్యవధి ఇస్తూ. పది రోజుల పైచిలుకు పడుతుంది. ఆపా రోజూ ఇషా తర్వాత బిడ్డకు ఫోన్ చేస్తోంది. ఇదివరకు తిన్నావా అని అడిగేది. ఇప్పుడు ఎంతకు దిగింది అని అడుగుతోందట. నిన్న రాత్రి 712.